పాలు పొంగని ఊరు

రాత 1

ఎండ: లేదు. చలువ ఖర్చు: లేదు. నీళ్ళు: అడిగినన్ని.

ఈ మూడు ముక్కలు రాస్తుంటేనే నాకు పట్టరాని సంతోషం. నా పేరు ఓబులేసు. సముద్రం దాటి వచ్చి, కింద ఎడారిలో సాల్ట్‌ఫ్లాట్ పట్నంలో నీళ్ళ ట్యాంకరు తోలి తోలి ముసలివాణ్ణయ్యాను. చదివింది ఏడో తరగతి. ఈ రాత పని అప్పజెప్పింది మా అల్లుడు రెడ్డెప్ప. "మామా, మీద ఊర్లో ఎట్లుందో రోజూ కాకపోయినా అప్పుడప్పుడూ రాసి పెట్టు. చలువెంత, ఖర్చెంత, మనుషులెట్లాంటోళ్ళు, అన్నీ. చూసి సంతకం పెడతా" అన్నాడు. సంతకం పెడితే ఈ ఇల్లు మాది. కింద మాకున్న చల్లగది పోతుంది. ఒకసారి వదులుకుంటే ఆ గది మళ్ళీ మాకు రాదు, దానికోసం కాచుకున్నవాళ్ళు వీధి చివరిదాకా ఉన్నారు. అందుకే ముందు కొన్నాళ్ళు నేనూ నా బిడ్డా ఇక్కడ చూపు కాపురం, అల్లుడు కింద గదిలోనే. నచ్చితేనే సంతకం.

కింద బతుకు గురించి ఏం చెప్పను! పొద్దున సైరను మోగితే తలుపు తియ్యకూడదు. తలుపు గొళ్ళెం పట్టుకుంటే చర్మం లేచి వస్తుంది. చలువ గంటలు కార్డు మీద కొనుక్కోవాలి. అల్లుడి జీతంలో సగం దానికే. ఇంటిల్లిపాదీ ఒక్క గదిలో ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుంటూ పడుకోవాలి. మా సుంకికి, అంటే నా బిడ్డ సుంకులమ్మకి, అయిదో నెల. డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది, ఈ వేడిలో తల్లీబిడ్డా ఇద్దరూ తట్టుకుంటారో లేదో అని. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం దిగలేదు.

ఇప్పుడు చూడండి! మనవాళ్ళు నీలగుట్ట అని పిలిచే ఈ కొండ మలుపు దగ్గర గేటు ఉంది. గేటు దాటేదాకా నిప్పుల కొలిమి. దాటాక చల్లన. కత్తితో కోసినట్టు ఒక గీత. కారు ముందు చక్రాలు చల్లనలో, వెనక చక్రాలు వేడిలో! నేను దిగి ఆ గీత మీద అటొక కాలు ఇటొక కాలు వేసి పిల్లాడిలా నవ్వాను. సుంకి తల కొట్టుకుంది. "నాయనా, జనం చూస్తాండారు. దా."

కొండ కడుపులో యంత్రం ఉందట. చలువబావి అంటారు. చుట్టుపక్కల వేడి ఎక్కడుంటే అక్కడ తాగేస్తుందట. "ఎంత తాగినా దానికి దాహం తీరదు తాతా" అన్నాడు గేటు మనిషి. ఆ యంత్రం చల్లగా ఉండాలి, నా తల్లి!

రాత 2

ఎండ: లేదు. ఖర్చు: స్టవ్వు మాత్రమే.

కొత్త ఇంట్లో పాలు పొంగించాం. పొంగించాం అని రాస్తున్నాను గాని, నిజం ఈ కాగితానికి చెప్పాలి. గిన్నె తూర్పుకు వంచి పెట్టాం, పసుపూ కుంకుమా పెట్టాం, సుంకి దండం పెట్టుకుని నిలబడింది. పాలు కాగుతున్నాయి, కాగుతున్నాయి, మీగడ కట్టింది, మీగడ వణికింది, అంతే. పైకి రావడం లేదు. స్టవ్వు పెద్దది చేశాను. మీగడ ముడతలు పడి మళ్ళీ సర్దుకుంది, నిద్రలో పక్కకి తిరిగి పడుకున్న మనిషిలాగా.

సుంకి మొహం చిన్నబోయింది. కడుపుతో ఉన్న పిల్ల, కొత్త ఇల్లు, పాలు పొంగకపోతే మనసులో ఏదో పడిపోతుంది. "నాయనా, ఎందుకు రాలేదు?" అంది. నేను ఊరుకోలేకపోయాను. "అదుగో సూడు, ఆ కిటికీలో పిట్ట!" అన్నాను. అటు చూసింది. గరిటెతో గిన్నె అంచు మీంచి పాలు ఇంత తోసేశాను. స్టవ్వు మీద సుయ్యిమంది. "పొంగింది! పొంగిందమ్మా!" అని కేక పెట్టాను. సుంకి చప్పట్లు కొట్టింది. నాకు కళ్ళు తడిశాయి. అబద్ధమైనా ఎంత మంచి అబద్ధమో!

అప్పుడే గుమ్మంలో ఒకామె. పక్కింటి సత్యవేణి. గోదావరి జిల్లా మూలాలట, మాటంతా అండీ అండీ. ముప్పై ఉంటాయేమో, తనూ నిండు గర్భిణి. కడుపు మీద చెయ్యి పెట్టుకుని పొయ్యి వైపు చూసింది, తరవాత నా చేతిలో గరిటె వైపు చూసింది.

"పొంగాయాండీ బాబాయి గారూ?"

"బ్రహ్మాండంగా పొంగినాయమ్మా!"

"సంతోషమండీ" అని నవ్వింది. ఆ నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది. "నీకెప్పుడక్కా?" అని సుంకి అడిగితే, "ఇవాళో రేపో అండీ" అంది.

రాత 3

ఎండ: లేదు. తిండి ఖర్చు: సగానికి సగం.

నా మోకాలు! చాలా ఏళ్ళుగా నన్ను ఏడిపిస్తున్న మోకాలు నొప్పి మాయమైంది. దగ్గు కూడా. కింద డాక్టరు నా ఛాతీ ఫోటో చూసి అల్లుణ్ణి పక్కకి పిలిచి మాట్లాడిన దగ్గు అది. నా ఎదుట ఎవరూ ఆ ఊసెత్తరు, నాకు తెలియదనుకుంటారు. ఇక్కడికి వచ్చాక ఒక్క దగ్గు లేదు. గడ్డం కూడా తీరిగ్గా పెరుగుతోంది, గీసుకునే పనే లేదు. ఆకలి కూడా పెద్దమనిషిలా వేళకు వచ్చి, కొంచెం తిని వెళ్ళిపోతుంది. తెచ్చిన బియ్యం మూట అట్లాగే ఉంది. అల్లుడు ఇది చదివితే ఎగిరి గంతేస్తాడు.

ఒక్క చిన్న ఇబ్బంది. పెరుగు తోడుకోవడం లేదు.

మా ఇంట్లో తోడు మామూలు తోడు కాదు. నా భార్య కొండమ్మ పెళ్ళినాడు పుట్టింటినుంచి తెచ్చుకున్న తోడు. ఇల్లు మారినా, ఊరు మారినా, సముద్రం దాటినా, ఏ రోజు పెరుగులోంచి ఆ రోజే మర్నాటికి ఒక చెంచా దాచింది. ఆమె పోయిన రోజు కూడా పక్కింటివాళ్ళు పాలు తోడువేశారు, ఆ వరస తెగకుండా. ఇప్పుడు సుంకి చేతిలో ఉంది. కాస్త అల్లుడికీ ఇచ్చి వచ్చింది, కింద ఇంట్లో తోడేసుకోమని. ఆయనకు గుడ్డు ఉడకపెట్టడం రాదు, పెరుగేం తోడేస్తాడు అని నవ్వుకున్నాం.

ఇక్కడ పాలు తోడేసి పొద్దున చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. చెంచా పెరుగు అడుగున ముద్దలా పడుకుని ఉంది. పాలు విరగలేదు, పులవలేదు. "చలికి నాయనా" అంది సుంకి. గిన్నెకు గొంగళి చుట్టి బియ్యంలో పాతిపెట్టాం. మరునాడూ అంతే. దోసె పిండీ అంతే, రుబ్బింది రుబ్బినట్టే ఉంది. పులవదు. పాడూ కాదు. పాడు కాకపోవడం ఎంత ఆదా!

రాత 5

ఎండ: లేదు. చెత్త ఖర్చు: లేదు. చెత్త కంపు కొట్టదు, ఎవడూ తీసుకుపోయే పని లేదు.

వంటింటి గోడ మీద ఒక బల్లి ఉంది. దాని ముందు జానెడు దూరంలో ఒక పురుగు. వచ్చిన రోజు చూశాను, ఇప్పుడు మింగుతుంది అనుకున్నాను. ఇవాళా అక్కడే ఉంది. పురుగూ అక్కడే ఉంది. చచ్చాయేమో అని చీపురుపుల్లతో ముట్టుకున్నాను. బల్లి కన్ను తిప్పి నా వైపు చూసింది. చాలా మెల్లగా. నేను పుల్ల కింద పడేసి బయటికి వచ్చాను.

సుంకి తలలో మల్లెపూలు మొన్నటివి. వాడలేదు. వాసనా లేదు.

వంటింట్లోంచి వచ్చి అడిగాను. "అమ్మీ, బిడ్డ తంతాండాడా?"

"లేదు నాయనా. నిద్రపోతాంది. కింద ఆ వేడికి ఉండలేక తన్నేది పాపం. ఈడ హాయిగా పండుకుంది."

"అంతేలే తల్లీ. మీ అమ్మ కడుపులో నువ్వూ అట్లే మొద్దు నిద్ర."

"మా అమ్మ చెప్పింది వేరే. డోలు వాయించినట్టు తన్నినానంట."

ఇద్దరం నవ్వుకున్నాం. నిజానికి కొండమ్మ చెప్పిందే నిజం. ఆ తన్నులకు ఆమె చీర కుచ్చిళ్ళు కదిలేవి, నేను చూశాను. ఎందుకో ఆ సంగతి గుర్తురాగానే నా నవ్వు ఆగిపోయింది.

రాత 8

ఎండ: లేదు. ఆసుపత్రి ఖర్చు: లేదు. పైసా తీసుకోరు!

సుంకిని చూపించుకు వచ్చాం. నర్సు చెయ్యి ఐసుముక్కలా ఉంది. కడుపు మీద యంత్రం పెట్టి, "ప్రశాంతంగా ఉంది" అంది. గుండె కొట్టుకుంటోందా అని అడిగాను. వినిపించింది. ఒక దెబ్బ. నేను ఇంకో దెబ్బ కోసం కాచుకున్నాను. కాచుకున్నాను. అప్పుడు ఇంకోటి. "అంత నెమ్మదిగానా?" అంటే, "ఇక్కడ అందరికీ అంతేనండీ, కంగారు పడేవాళ్ళు ఉండరు" అంది. నా చెయ్యి తీసుకుని మణికట్టు దగ్గర తన వేలు పెట్టింది. "మీది కూడా చూడండి. ఎంత బాగుందో."

తిరిగి వస్తుంటే మా వీధి కొత్తగా కనిపించింది. ప్రతి ఇంటి వసారాలో ఉయ్యాల ఉంది. కొన్ని చెక్కవి, కొన్ని చీర కట్టినవి. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఒక్క ఇంట్లోంచీ పసిబిడ్డ ఏడుపు వినపడలేదు. వచ్చినప్పటినుంచీ వినలేదని అప్పుడే గ్రహించాను. వీధిలో బంతి ఆడుకునే పిల్లలు మాత్రం ఉన్నారు. ఆ పిల్లలెప్పుడూ కేకలు వెయ్యరు. బంతి పైకి విసిరి, వచ్చేదాకా తీరిగ్గా నిలబడతారు.

అల్లుడు ఫోనులో అడిగాడు. "ఎట్లుంది మామా?" "స్వర్గంరా రెడ్డెప్పా!" అన్నాను. పెద్దగానే అన్నాను. మళ్ళీ రాసిపెట్టుకుంటున్నాను, స్వర్గం అన్నాను అని.

రాత 11

ఎండ: లేదు.

ఖర్చు గడి ఖాళీగా వదిలేస్తున్నాను. ఇవాళ్టి సంగతి రాసేదాకా ఆ లెక్క తేలదు.

సత్యవేణి ఆవకాయ తెచ్చింది. జాడీ మూత తియ్యగానే ఎర్రటి నూనె, ఇవాళ కలిపినట్టు మెరుస్తోంది. ముక్క కొరికితే టెంక పెటుక్కుమంది. ఇంత కొత్త ఆవకాయ ఈ ఎడారిలో ఎక్కడిదమ్మా అని పొంగిపోయి అడిగాను. మామిడికాయ చూసి ఎన్నేళ్ళయిందో!

"కొత్తది కాదండీ బాబాయి గారూ, పాతదే. నెల తప్పిన కొత్తల్లో పుల్లపుల్లగా తినాలనిపించి పెట్టానండీ. ఆయనే కాయలు తెచ్చారు. కొలరాడో వంతెన మీద లారీ ఆగిపోతే, కింద నదిలో దిగి మొహం కడుక్కొచ్చారంట. నీళ్ళు నడుం లోతు ఉన్నాయంటండీ, చల్లగా."

చెంచా నా నోటి దగ్గరే ఆగిపోయింది.

ఆ నది ఎండిపోయిన ఏడు నాకు తెలుసు. నేను ట్యాంకరు నింపుకున్నది ఆ నది నీళ్ళతోనే. ఆఖరి ట్యాంకరు నింపిన రోజు మా సుంకిని క్యాబిన్‌లో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోయాను, ఇంక చూడవమ్మా, చూసుకో అని. అప్పుడు సుంకికి పాలపళ్ళు ఊడుతున్నాయి, ఇరవై ఏళ్ళ కిందటి మాట.

సుంకి కూడా చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది. ఆమె ఆ మాట విందో లేదో నాకు తెలియదు.

"నెల తప్పిన కొత్తల్లోనా అమ్మా? ఏ కడుపు?" అని అడిగాను.

సత్యవేణి నవ్వి తన కడుపు నిమురుకుంది. "ఏ కడుపేంటండీ. ఇదేనండీ. తొలిచూలు."

"నెలలు లెక్క పెట్టుకున్నావా తల్లీ?"

"మొదట్లో పెట్టుకున్నానండీ. తరవాత ఎందుకో మానేశాను. ఇక్కడ రోజులు తెలియవు కదండీ. ఇవాళో రేపో." జాడీకి మూత పెట్టింది. "మీరు గరిటెతో తోశారు కదండీ, పాలు?"

నేను చెంచా కింద పెట్టేశాను.

"నేను చూశానండీ. తప్పేం లేదు. మా ఇంట్లో ఆయన తోశారు. నేను చూడలేదనుకున్నారు. ఎదురింటి వాళ్ళు గిన్నె కిందికి ఒక పక్క చెక్కముక్క పెట్టారంట. ఈ వీధిలో ఎవరింట్లోనూ పొంగలేదండీ. శుభమా అని కొత్తగా వచ్చినవాళ్ళకి అదెలా చెబుతామండీ? మేమూ చెప్పలేదు, మాకూ ఎవరూ చెప్పలేదు."

గోడ మీద బల్లి అక్కడే ఉంది. ఇప్పుడు పురుగుకు బెత్తెడు దూరంలో ఉంది.

రాత 12

సుంకితో చెప్పాను. ట్యాంకరు ఇంజను హోరులో చెప్పినట్టు గట్టిగా, ఒక్కొక్క మాటే. ఆమె వింది. విన్న తరవాత జడ ముందుకు వేసుకుని, మల్లెపూలు సర్దుకుంది.

"నాయనా, సత్యవేణక్క అట్ల ఏదో చెప్తాది. ఆమెకు గుర్తుండదు."

"నీ కడుపు సూసుకో అమ్మీ. వచ్చిన నాటి జాకెట్టే ఈరోజూ సరిపోతాంది."

"కింద డాక్టరమ్మ ఏమందో మర్చిపోయినావా? ఆ వేడికి బిడ్డ నిలబడదు అంది. ఈడ బిడ్డకేం కాదు."

"ఏం కాదు. అదే చెప్తాండా తల్లీ. ఏమీ కాదు."

ఆమె నా వైపు చూసింది. ఆ చూపు నా వైపు రావడానికి కొంత సేపు పట్టింది, నీళ్ళ అడుగునుంచి పైకి వస్తున్నట్టు. "నీ దగ్గు పోయింది నాయనా" అంది. "మోకాలి నొప్పి పోయింది. ఆ ఛాతీ ఫోటో సంగతి నాకు తెలుసు. రెడ్డెప్ప చెప్పినాడు. కిందికి పోతే నిన్నెట్ల బతికించుకోవాల నేను?"

ఇన్నాళ్ళూ నా బిడ్డ నా కోసం కూడా ఈ చల్లనలో కూర్చుందన్నమాట. నాకు ఎంత సంతోషమేసిందంటే, కూర్చున్నచోటే వెక్కి వెక్కి ఏడ్చాను. ఇక్కడ కన్నీళ్ళు కూడా చెంప మీద చాలాసేపు ఉంటాయి.

ఇప్పుడు తూకం వేసుకుంటున్నాను. ఇక్కడ ఉంటే నేను పోను. ఈ దగ్గు నన్ను తీసుకుపోలేదు. రేపు, ఎల్లుండి, ఆ పై ఎల్లుండి, నేను ఈ వసారాలో కూర్చుని నా బిడ్డను చూసుకుంటూ ఉంటాను. కొండమ్మకి దొరకనిది నాకు దొరికింది. రెండో పక్క ఒక పసిగుండె. ఒక దెబ్బ కొట్టి, ఇంకోటి కొట్టాలా వద్దా అని ఆలోచిస్తోంది.

అల్లుడికి ఫోను చేశాను. "రెడ్డెప్పా, కారు తీసుకొని రా" అన్నాను. "స్వర్గం అంటివి కదా మామా?" అన్నాడు. "అదే కదప్పా. రా" అన్నాను.

రాత 13

రెడ్డెప్ప వచ్చాడు. చేతిలో పెద్ద సంచి. కింద దర్జీ చేత గౌన్లు కుట్టించాడట సుంకికి, మేం వచ్చి మూడు నెలలైందని ఎనిమిదో నెల కొలతకి, పక్కింటి కోడలి పాత గౌను ఆది ఇచ్చి. "వేసుకో, సరిపోతాయో లేదో సూద్దాం" అని ముచ్చటగా ఇచ్చాడు. సుంకి లోపలికి పోయి వేసుకుని వచ్చింది. గుడ్డ భుజాల మీంచి జారి, కడుపు దగ్గర సంచిలాగా వేలాడింది. కిటికీ దగ్గర తాడుకి ఆరేసినట్టు నిలబడింది నా బిడ్డ.

రెడ్డెప్ప మొహంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను. మోకాళ్ళ మీద కూర్చుని ఆమె పొట్టకు చెవి ఆనించాడు. చాలా సేపు ఉన్నాడు. లేచి, "మామా, బట్టలు సర్దు" అన్నాడు.

సుంకి మొండికేసింది. "నేను రాను. వేడికి నా బిడ్డ పోతే?"

"అట్లయితే గేటు దాకా రా. ఒక్క అడుగు బైట పెట్టు. నీకేమనిపిస్తే అదే సేద్దాం" అన్నాను. "ఒట్టు."

తోడు గిన్నె నేను పట్టుకున్నాను. ఆ తోడుకోని పాలు అట్లాగే మూత పెట్టి, ఒళ్ళో పెట్టుకున్నాను. సత్యవేణి గేటు దాకా సాగనంపడానికి వచ్చింది, పసుపు కుంకుమ పళ్ళెంతో. వీధిలో పిల్లలు బంతి చేత్తో పట్టుకుని మమ్మల్ని చూశారు. ఎవరూ చెయ్యి ఊపలేదు.

గేటు దగ్గర ఆ గీత ఉంది. ఇటు నీలం రంగు చల్లన, అటు గాలి మంటలా వణుకుతోంది. సుంకి చెప్పు గీత దాటింది. రెండో చెప్పు దాటింది. రెడ్డెప్ప ఆమె తల మీద గొడుగు పట్టాడు. చెమట పట్టింది ఆమె పైపెదవి మీద. ఎన్నాళ్ళకో చూశాను చెమట!

ఆమె ఒక్కసారిగా వంగిపోయింది. "అమ్మా!" అంది.

"ఏమైంది? ఏమైందే?" రెడ్డెప్ప గొడుగు వదిలేశాడు.

"తన్నింది" అంది సుంకి. "నాయనా, తన్నింది. అయ్యో, మళ్ళా తంతాంది. కోపంగా తంతాంది నాయనా!" ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ తిట్టింది. "ఇన్నాళ్ళూ ఏం సేసినానే నిన్ను, ఏం సేసినానే" అని కడుపుకు చెప్పుకుంది.

సత్యవేణి పళ్ళెం పట్టుకుని గీత ఇవతలే నిలబడి చూస్తోంది. "నువ్వు కూడా రామ్మా" అన్నాను. "కారులో చోటుంది."

ఆమె ఒక పాదం ముందుకు పెట్టింది. వేళ్ళు మాత్రమే గీత దాటాయి. ఆమె మొహం మీద ఏదో కదిలింది. ఏళ్ళ తరబడి మూసిన ఇంట్లో ఎవరో దీపం పెట్టినట్టు. కడుపు మీదికి చెయ్యి పోయింది. వెంటనే పాదం వెనక్కి లాక్కుంది.

"అమ్మో. కాలిపోతోందండీ."

"కాలుతాది తల్లీ. బతకొచ్చు."

"ఆయనకి చెప్పకుండా ఎలాగండీ. అద్దెలెక్కువ అక్కడ. ఇవాళో రేపో అనగా ఇప్పుడు కదలడం..." మాట ముగియలేదు. పళ్ళెంలో కుంకుమ తీసి, గీత అవతలికి చెయ్యి చాచి సుంకి నుదుట పెట్టింది. చాచిన ఆ చెయ్యి మీద, ముంజేతి దగ్గర, మా కళ్ళ ముందే ఒక వెంట్రుక నెరిసింది. ఆమె చూసుకోలేదు. నేను చూశాను.

కారు దిగువకు పోతుంటే ఒళ్ళో గిన్నె వెచ్చబడింది. కొండ పాదం దగ్గర మూత తీశాను. పాలు గడ్డకట్టాయి. పైన పలచని నీళ్ళు తేరి, పుల్లటి వాసన. కొండమ్మ చెయ్యి వాసన! అప్పుడే నాకు దగ్గు వచ్చింది. మంచి దగ్గు, ఛాతీ అంతా ఊపేసే దగ్గు. రెడ్డెప్ప అద్దంలోంచి చూశాడు. "దగ్గనీలేప్పా" అన్నాను. "బండి పోనీ."

రాత 14

ఎండ: చెప్పడానికి లేదు. చలువ ఖర్చు: నడ్డి విరుగుతోంది. నీళ్ళు: కార్డు ఎంతుంటే అంత.

మళ్ళీ ఒక్క గది. మళ్ళీ ఒకరి ఊపిరి ఒకరికి. అల్లుడు రాత్రి డ్యూటీ కూడా చేస్తున్నాడు, సుంకికి చలువ గంటలు ఎక్కువ కొనడానికి. నా మోకాలు తిరిగి వచ్చింది, పాత చుట్టంలా తిన్నగా వచ్చి కూర్చుంది. గడ్డం రోజూ గీసుకుంటున్నాను. గీసుకున్న ప్రతిసారీ ఆ తెల్ల వెంట్రుకలు చూసి మురిసిపోతున్నాను, చూశారా, పెరుగుతున్నాయి అని. దగ్గులో కొంచెం ఎరుపు కనిపిస్తోంది. ఆ సంగతి ఈ కాగితానికే.

డాక్టరమ్మ చూసింది. భయం ఉంది అంది. కాని వేడి తట్టుకోవడానికి ఏమేం చెయ్యాలో చెప్పింది, తడిగుడ్డలు, మజ్జిగ, కాళ్ళ కింద నీళ్ళ తొట్టి. మజ్జిగకు కొదవలేదు. నమ్మండి, రెడ్డెప్ప ఆ తోడు తెగకుండా కాపాడాడు! మంచం కింద గిన్నె పెట్టుకుని, నిద్ర లేచి చూసుకునేవాడట. "నీకు గుడ్డు ఉడకపెట్టడం రాదు గాని పెరుగు తోడెయ్యడం వచ్చెనే" అంది సుంకి. "గుడ్డుకు అత్త లేదు. దీనికి ఉంది. భయం" అన్నాడు. గది అంతా నవ్వాం, చలువ గంట ఒకటి నవ్వుకే ఖర్చయిపోయింది.

రాత 17

కిందికి దిగి వచ్చి నాలుగు నెలలు దాటింది, ఇవాళ్టి సంగతి తొందరగా రాస్తాను.

పొద్దున పాలు స్టవ్వు మీద పెట్టాను. సుంకి "నాయనా" అంది. ఆ పిలుపు వేరు. రెడ్డెప్ప డాక్టరమ్మ కోసం పరిగెత్తాడు, సైరను మోగినా, తలకి తడిగుడ్డ కట్టుకుని. నేను సుంకి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఆ చెయ్యి కాలిపోతోంది. నా చేతిని నుజ్జు చేసింది. ఏదో మాడు వాసన. తిరిగి చూస్తే గిన్నెలో పాలు గుమ్మటంలా లేచి, అంచు దాటి, నాలుగు వైపులా కారి, మంట మీద బుసబుసమని పొంగుతున్నాయి. ఎవరూ తొయ్యలేదు. ఎవరూ చెక్కముక్క పెట్టలేదు. స్టవ్వు ఆపాలని తెలుసు. నేను ఆపలేదు.

ఆడపిల్ల. పుట్టగానే గది పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. డోలు వాయించినట్టు.

సాయంత్రం నీలగుట్టకు ఫోను చేశాను. సత్యవేణి తీసింది. చెప్పాను. పాలు పొంగాయమ్మా, వాటంతట అవే, అన్నాను. పసిదాన్ని ఫోను దగ్గర పట్టుకున్నాను, అది తల్లి పాలకోసం గుక్కపెట్టి ఏడుస్తోంది. ఫోను పోయిందనుకున్నాను. తరవాత ఆమె గొంతు వచ్చింది, ఎంతో లోతునుంచి.

"అక్కడ ఎండ ఎలా ఉందండీ బాబాయి గారూ?"

"మాడిపోతాందమ్మా. అబద్ధం చెప్పను."

"అద్దెలు?"

"మనుషులు కట్టేట్టు లేవు తల్లీ."

పసిది ఇంకా ఏడుస్తోంది. ఆమె వింటోంది. ఆమె ఊపిరి నాకు వినిపించింది. ఒక ఊపిరి. చాలా సేపటికి ఇంకొకటి. ఆ తరవాతిది మాత్రం త్వరగా వచ్చింది.

"మీ గదిలో" అంది, "ఇంకో చాప పడుతుందాండీ?"